ఎన్‌4 జపనీస్: మాటలు నిలవవు, గ్రామర్ కలిసిపోతుంది, లిజనింగ్ అందదు. ఎలా చదవాలి?

పిల్లలమర్రి, మహబూబ్‌నగర్

అందరికీ నమస్తే. జడ్చర్ల దగ్గర ఒక కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తున్నాను. జెఎల్‌పిటి అనే జపనీస్ భాషా పరీక్షలో అన్నిటికంటే కింది మెట్టు ఎన్‌5 అయిపోయింది, దాని పైది ఎన్‌4. డిసెంబర్‌లో హైదరాబాద్ సెంటర్‌లో ఎన్‌4 రాయాలని పట్టుబట్టి కూర్చున్నాను. పాలమూరులో జపనీస్ చెప్పేవాళ్లు నాకైతే దొరకలేదు. వారానికి రెండు రోజులు ఆన్‌లైన్ క్లాసు, నైట్ షిఫ్టు పడితే అది కూడా సగం నిద్రలోనే.

మూడు చోట్ల ఇరుక్కున్నాను. మాటలు రాత్రి వస్తాయి, పొద్దున్నే పోతాయి. గ్రామర్ ఏ పాఠానికి ఆ పాఠం అర్థమవుతుంది, నాలుగు పాఠాలు కలిస్తే వాళ్ల విభక్తులు 'ని' ఎక్కడో 'దె' ఎక్కడో తెలియదు. ఇక లిజనింగ్ సంగతి అడగనే వద్దు. పదో తరగతి దాకా తెలుగు మీడియం నేను. పుస్తకం, క్లాసు, యాప్ అన్నీ ఇంగ్లీషులోనే చెప్తాయి. జపనీస్ విని, ఇంగ్లీషులోకి మార్చుకుని, మళ్లీ తెలుగులో అర్థం చేసుకునేలోపు ఆడియో తర్వాతి ప్రశ్నకు పోతుంది. టెన్షన్‌లో అది కూడా పోతుంది.

మీరు ఎలా చదివారో చెప్పండి. 'రోజూ ప్రాక్టీస్ చెయ్ తమ్ముడూ' అని మాత్రం అనకండి. అది మా మేడం చెప్తూనే ఉన్నారు.

గడియారం సెంటర్, నల్గొండ

మాటల సంగతి నేను చెప్తాను, మిగతావి పెద్దవాళ్లు చూసుకుంటారు.

ముందు మాట, వెనక అర్థం ఉండే కార్డుల యాప్ అంకి వాడుతున్నావా? కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్ ఫోన్లో ఫ్రీ. ఐఫోన్‌కు మాత్రం డబ్బు కట్టాలి. అది చేసే పని ఒక్కటే, నువ్వు మర్చిపోబోయే సమయానికి ఆ మాటను మళ్లీ ముందుకు తెస్తుంది. గుర్తున్నది దూరం జరుగుతుంది, గుర్తులేనిది రేపే వస్తుంది. చాలామంది చెడేది సెట్టింగుల దగ్గర. యాప్ తనంతట తాను రోజుకు 20 కొత్త మాటలు ఇస్తుంది. నెల తిరిగేసరికి రివ్యూలు, అంటే మళ్లీ చూడాల్సిన పాత కార్డులు, వందలు దాటతాయి, రెండు రోజులు షిఫ్టు వల్ల తప్పితే ఆ గుట్ట చూసి యాప్ తెరవాలంటేనే భయం వేస్తుంది. నీ డ్యూటీకి ఎనిమిది, మహా అయితే పది పెట్టుకో. సెలవు రోజు ఖాళీ ఉంది కదా అని పెంచకు.

రెండోది, కార్డు వెనక ఇంగ్లీషు తీసెయ్. రెడీమేడ్ కార్డుల కట్ట (డెక్) దించుకున్నా సరే, వెనక నువ్వే తెలుగు కొట్టు. 'వసురెరు' వెనక 'టు ఫర్గెట్' ఉంటే నీ బుర్రలో రెండు తలుపులు తీయాలి. 'మర్చిపోవడం' ఉంటే ఒక్కటే. దాంతోపాటు ఒక చిన్న వాక్యం, అది కూడా నీ బతుకులోదే ఉండాలి. పుస్తకంలో ఎవరో టోక్యోలో పియానో కొంటాడు, మనకెందుకు? జడ్చర్ల, షిఫ్టు, క్యాంటీన్, టిఫిన్ డబ్బా, వీటితో రాసుకో.

ఒకే మాటను ఎనిమిదిసార్లు తప్పితే అంకి దాన్ని 'లీచ్' అని గుర్తు పెడుతుంది. పేరు బాగానే పెట్టారు, జలగే అది. ఆ మాటతో కుస్తీ పట్టకు. తీసి పక్కన పెట్టి, చదివే పాఠంలో మళ్లీ ఎదురైనప్పుడు కొత్త వాక్యంతో చేర్చుకో.

తంగేడు పువ్వు, సూర్యాపేట

ఫోన్ తీస్తే రీల్స్‌లోకి పోయేవాళ్లకు అంకి పనికిరాదన్నా, నాలాంటి వాళ్లు. మా ఇంట్లో పాత పెళ్లి కార్డులు కట్టలు కట్టలు ఉన్నాయి. వెనక ఖాళీ ఉన్న వాటిని కత్తిరించి మాటలు రాసుకున్నాను. స్వీటు డబ్బాలో అట్టముక్కలతో అరలు చేశాను. మొదటి అర రోజూ, రెండోది మూడు రోజులకు ఒకసారి, మూడోది వారానికి. తెలిస్తే తర్వాతి అరలోకి, తెలియకపోతే ఎక్కడున్నా మొదటి అరలోకి. 1970లలో జర్మనీకి చెందిన లైట్నర్ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. యాప్‌లు చేసేది కూడా మొత్తానికి ఇదే. చేత్తో రాస్తున్నప్పుడే సగం మాట ఎక్కుతుంది.

సాగర్ కట్ట, నాగార్జునసాగర్

బాబూ, నేను తెలుగు పండితుడిగా చేసి రిటైర్ అయ్యాను. మనవరాలు నేర్చుకుంటుంటే పక్కన కూర్చుని మొదలుపెట్టాను, ఆమె మానేసింది, నేను మానలేదు. నీ రెండో ఇబ్బందికి మందు నీ దగ్గరే ఉంది. జపనీస్ గ్రామర్‌ను ఇంగ్లీషు దారిలో చదవడమే మీ పిల్లలందరి కష్టం.

వాక్యం చూడు. మనకు క్రియ చివర వస్తుంది, వాళ్లకూ అంతే. మనకు విభక్తి నామవాచకం వెనక వస్తుంది, వాళ్లకూ అంతే. 'హైదరాబాద్ నుంచి నల్గొండ దాకా' అనడానికి 'హైదెరబాదొ కర నరుగొండ మదె' అంటారు. 'కర' నుంచి, 'మదె' దాకా. మాట పక్కన మాట పెట్టుకుంటూ పోవడమే. ఇంగ్లీషులో అయితే రెండూ ముందుకు గెంతుతాయి.

'నిన్న కొన్న పుస్తకం' అనేది 'కినో కత్త హొన్'. నిన్న, కొన్న, పుస్తకం. ఇంగ్లీషు మీడియం పిల్లలు ఈ పాఠం దగ్గర వారాలు కూర్చుంటారు, ఎందుకంటే వాళ్ల భాషలో పుస్తకం ముందు వచ్చి, కొనడం తర్వాత వస్తుంది. నీకు ఇందులో నేర్చుకోవలసింది ఏమీ లేదు.

'వస్తానని అన్నాడు' చూడు. 'కురు తొ ఇత్త.' మన 'అని' ఎక్కడ కూర్చుంటుందో అక్కడే 'తొ' కూర్చుంది. అనుకోవడానికీ అదే, 'తొ ఒమొఉ', అని అనుకుంటున్నాను.

ఇక 'తె' రూపం. క్లాసుల్లో దాన్ని పెద్ద భూతం చేస్తారు. అది మన క్త్వార్థకం. తిని, వెళ్లి, రాసి. 'తబెతె' అంటే తిని. దాని వెనక వచ్చే సహాయక క్రియలు కూడా మనవాటిలాగే నడుస్తాయి. 'తబెతె మిరు' తిని చూడటం, మిరు అంటే చూడటమే. 'కైతె ఒకు' రాసి పెట్టడం, ఒకు అంటే పెట్టడమే. 'తబెతె షిమత్త' తినేశాను. ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు వాళ్లు 'ఇత్తె కిమస్' అంటారు. వెళ్లొస్తాను. వెళ్లి, వస్తాను. ఇంతకంటే దగ్గరి భాష నీకు ఎక్కడ దొరుకుతుంది?

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. 'నాకు జపనీస్ అర్థమవుతుంది' అనేటప్పుడు జపనీస్ పక్కన మన తెలుగు విభక్తి 'ని' పెడతామా? పెట్టం. వాళ్లు కూడా అక్కడ కర్మకు పెట్టే 'ఒ' పెట్టరు, 'నిహొంగొ గ వకరిమస్' అంటారు. ఇష్టం, కావాలి, వచ్చు, ఈ తరహా మాటలన్నిటికీ 'గ'నే. ఇంగ్లీషులో ఆలోచించేవాడు 'ఐ అండర్‌స్టాండ్ జపనీస్' అనుకుని 'ఒ' పెట్టి మార్కు పోగొట్టుకుంటాడు.

వనపర్తి పల్లీలు

సార్ దండం. అర్థం సరే, 'తె' రూపం తయారు చేయడమే రావట్లేదు. ఏ క్రియ 'త్తె' అవుతుంది, ఏది 'న్దె' అవుతుంది? చార్టు గోడకు అంటించాను, గోడ చూస్తేనే గుర్తుంటుంది.

తంగేడు పువ్వు, సూర్యాపేట

చప్పట్లు కొడుతూ పాడు, బతుకమ్మ ఆడినట్టు. మేము హాస్టల్లో ఇలాగే నేర్చుకున్నాం.

ఉ, త్సు, రు వస్తే ఉయ్యాలో
త్తె అని పలుకు ఉయ్యాలో
ము, బు, ను వస్తే ఉయ్యాలో
న్దె అని పలుకు ఉయ్యాలో
కు వస్తే ఇతె ఉయ్యాలో
గు వస్తే ఇదె ఉయ్యాలో
సు వస్తే షితె ఉయ్యాలో
ఇకు ఒక్కటి ఇత్తె ఉయ్యాలో

మత్సు, మత్తె. నొము, నొన్దె. కకు, కైతె. హనసు, హనషితె. ఇదంతా మొదటి గుంపు క్రియలకు. తబెరు లాంటి రెండో గుంపుకు పాట అవసరం లేదు, 'రు' తీసి 'తె' పెట్టడమే. సురు, కురు రెండే దారి తప్పినవి, షితె, కితె. పరీక్ష హాల్లో చేతులు ఊపకు, పక్కవాళ్లు చూస్తారు.

వనపర్తి పల్లీలు

అక్కా, మా అమ్మ వచ్చి దసరా ఇంకా దూరం ఉంది కదరా అంటున్నది 😂 కానీ ఎక్కింది.

ఎన్‌2 అంచున, కల్వకుర్తి

సార్ మీద గౌరవంతోనే చెప్తున్నాను, తెలుగు దారి సగం దూరమే తీసుకెళ్తుంది. తర్వాత అదే గుంతలో పడేస్తుంది. నాలుగు గుంతలు చూపిస్తాను.

ఒకటి, మన 'లో'. 'ఇంట్లో ఉన్నాను', 'ఇంట్లో తిన్నాను'. మనకు రెండింటికీ ఒకే 'లో'. వాళ్లకు ఉండటం అయితే 'ఇఎ ని ఇమస్', అక్కడ పని జరిగితే 'ఇఎ దె తబెమషిత'. పిల్లలమర్రి అడిగింది ఇదే కదా. నీ సంగతే తీసుకో. మహబూబ్‌నగర్‌లో ఉంటున్నావు, అది నివాసం కాబట్టి 'ని సుందె ఇమస్'. జడ్చర్లలో పని చేస్తున్నావు, 'దె హతరైతె ఇమస్'. అయితే అదే ఉద్యోగాన్ని 'త్సుతొమెరు' అనే క్రియతో చెప్తే మళ్లీ 'ని' వస్తుంది. కాబట్టి తెలుగు విభక్తికి ఎదురుగా జపనీస్ విభక్తి రాసుకుని బట్టీ పట్టొద్దు. క్రియతో కలిపి జతగా నేర్చుకో. 'బసు ని నొరు' బస్సు ఎక్కడం, 'బసు ఒ ఒరిరు' బస్సు దిగడం. కార్డు మీద క్రియ ఒంటరిగా ఉండకూడదు.

రెండు, రావడం, పోవడం. ఫోన్లో 'నేను మీ ఇంటికి వస్తున్నాను' అంటాం. జపనీస్‌లో అది 'ఇకిమస్', పోతున్నాను. మాట్లాడేవాడు ఎక్కడున్నాడో అక్కడి నుంచే లెక్క. ఎదుటివాడి దగ్గరికి వెళ్లడాన్ని మనలా 'రావడం' అనరు. లిజనింగ్‌లో దీనిమీద ప్రశ్న పడితే మనవాళ్లు బోల్తా.

మూడు, ఇవ్వడం. మనకు ఎవరు ఎవరికి ఇచ్చినా ఇవ్వడమే. వాళ్లకు నేను బయటికి ఇస్తే 'అగెరు', నా వైపుకు వస్తే 'కురెరు', నేను పుచ్చుకుంటే 'మొరౌ'. ఎన్‌4లో ఇది తప్పించుకోలేని పాఠం. 'కురెరు' వినపడితే 'నాకు' అని చెప్పకపోయినా నాకే అని అర్థం.

నాలుగు, మర్యాద. మనం మా నాన్నగారు, మా మేడం గారు వచ్చారు అని బయటివాళ్లకు చెప్తాం. వాళ్లు తమవాళ్ల గురించి బయటివాళ్ల ముందు తగ్గించి చెప్తారు. మా అమ్మ 'హహ', మీ అమ్మగారు 'ఒకాసన్'. తమ ఆఫీసర్ పేరుకు కూడా బయటి కంపెనీ వాళ్ల దగ్గర మన 'గారు' లాంటి 'సన్' చేర్చరు. తెలుగు మర్యాద అక్కడ పెడితే వాళ్లకు వింతగా ఉంటుంది.

ఇంకా నామవాచకం వెనక వచ్చే 'వ', 'గ' తేడా సరేసరి. దానికి తెలుగులో సాటి వెతుక్కుంటూ కూర్చుంటే డిసెంబర్ అయిపోతుంది. ఉదాహరణలు చదువుతూ పో.

సాగర్ కట్ట, నాగార్జునసాగర్

'ఇకిమస్' మాట నిజం. నాలుగు గుంతలూ నోటుబుక్కులోకి ఎక్కించాను. కానీ కల్వకుర్తి బాబూ, నువ్వు చూపించింది నాలుగు. కలిసొచ్చేవి నలభై ఉన్నాయి. గుంతలున్నాయని రోడ్డే వద్దంటామా?

ఎన్‌2 అంచున, కల్వకుర్తి

వద్దనలేదు సార్, బోర్డు పెట్టమన్నాను 🙏

నర్సక్క, మిర్యాలగూడ (ప్రస్తుతం జపాన్)

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. లిజనింగ్ గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. ఇక్కడ వృద్ధుల కేంద్రంలో పని. పొద్దున్నుంచి చెవులతోనే బతుకు.

పిల్లలమర్రి తమ్ముడూ, 'వినపడట్లేదు' అనేది ఒక జబ్బు కాదు, రెండు. మాట తెలియక అర్థం కాకపోవడం వేరు, తెలిసిన మాటే చెవికి చిక్కకపోవడం వేరు. ఆడియోలోని మాటలు పేపర్ మీద చూసి 'అరే, ఇది నాకు వచ్చు కదా' అనిపిస్తే నీది రెండోది. దానికి మందు గంటలు గంటలు వినడం కాదు. బ్యాక్‌గ్రౌండ్‌లో జపనీస్ పెట్టుకుని కూర వండితే కూర బాగుంటుంది, అంతే.

చిన్న ముక్క తీసుకో, పది సెకన్లు చాలు. విని, ఏం వినపడిందో తెలుగు లిపిలో రాయి. అవును, తెలుగు లిపిలోనే. జపనీస్ లిపి హిరగన నేర్చుకోవద్దని కాదు, ఆ 46 అక్షరాలు, రెండో లిపి కతకన 46, అవి రాకుండా ఎన్‌5 ఎలాగూ దాటలేవు. కానీ చెవి పరీక్షకు తెలుగు లిపి బంగారం. ఎందుకంటే పొట్టి పొడవు, ఒత్తు, ఇవి మన అక్షరాల్లో దాక్కోలేవు. 'కితె' అంటే వచ్చి, 'కీతె' అంటే విని, 'కిత్తె' అంటే తపాలా బిళ్ళ. 'ఒబసన్' పిన్ని, 'ఒబాసన్' నానమ్మ. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాళ్లు ఆ తేడా మింగేస్తారు. మనకు చిన్నప్పటి నుంచి పడు, పాడుకు, గడి, గడ్డికి తేడా తెలుసు. ఇక్కడ నాతోపాటు ఉన్న వేరే దేశాల అమ్మాయిలు ఈ దీర్ఘాల దగ్గరే అల్లాడతారు.

రాశాక స్క్రిప్టుతో పోల్చు. ఎక్కడ తప్పిందో అదే నీ చెవి లోపం. చాలావరకు 'ఉ', 'ఇ' మింగేసే చోట తప్పుతుంది. రాసేది 'దెసు', పలికేది 'దెస్'. రాసేది 'సుకి', పలికేది 'స్కి'. 'షిత' దాదాపు 'ష్త'. అది చూసుకున్నాక అదే ముక్కను ఆడియో వెనకే, దాని నీడలా, దాని స్పీడుకు పలుకు. దీన్నే షాడోయింగ్ అంటారు. బాగా వచ్చేదాకా రెండో ముక్కకు పోకు.

అంకెలు, తేదీలు విడిగా రుద్దాలి. 'ఇచిజి' ఒంటి గంట, 'షిచిజి' ఏడు గంటలు. ఫోన్లో అయితే నేను ఇప్పటికీ రెండోసారి అడుగుతాను. నెలలో నాలుగో తేదీ 'యొక్క', ఎనిమిదో తేదీ 'యోక'. మన 'యొక్క' అక్కడ తేదీ అయి కూర్చుంది! మనుషుల లెక్క మాత్రం మనకు సులభం. మనం ఒకరు, ఇద్దరు అని వేరేగా లెక్కపెట్టినట్టే వాళ్లు 'హితొరి, ఫుతరి' అంటారు. మూడు నుంచి మామూలే, 'సన్నిన్'.

ముసలివాళ్లు నొప్పి అని ఊరికే చెప్పరు. 'జుకిజుకి' అంటారు, సలుపుతోందని. 'చికుచికు' గుచ్చుతోందని, 'హిరిహిరి' మంటగా ఉందని, 'ఫురఫుర' తూలుతోందని. పుస్తకంలో ఇవి ఎక్కడో చివర ఉంటాయి. మన మామ్మలు కూడా జివ్వుజివ్వు, చుర్రుచుర్రు అనేవాళ్లే కదా. ఈ మాటల్ని అర్థంతో కాదు, ఒంటిమీద చెయ్యి పెట్టుకుని నేర్చుకోండి.

పిల్లలమర్రి, మహబూబ్‌నగర్

అక్కా, మీరు చెప్పిన రెండో జబ్బే నాది. పేపర్ మీద చూస్తే అన్నీ వచ్చినవే. పరీక్షలో ఆడియో ఒక్కసారే కదా వేసేది, అక్కడ ఏం చేయాలి? ఇంకొకటి, మొత్తం మీద పాసై లిజనింగ్‌లో తక్కువ వస్తే?

నర్సక్క, మిర్యాలగూడ (ప్రస్తుతం జపాన్)

తక్కువ వస్తే ఫెయిలే. ఎన్‌4 మొత్తం 180, పాస్ 90. కానీ లిజనింగ్ 60లో 19 రావాలి, మిగతా 120లో 38 రావాలి. ఒకటి బాగా వచ్చి ఒకటి తగ్గితే లాభం లేదు. తప్పు రాస్తే మార్కు కోయరు, కాబట్టి ఏ బబులూ ఖాళీగా వదలకు.

మొదటి రకం ప్రశ్నల్లో ముందే ప్రశ్న చెప్తారు, తర్వాత సంభాషణ, తర్వాత మళ్లీ అదే ప్రశ్న. మొదట చెప్పినప్పుడే 'ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏది', ఇందులో ఏ మాట పడిందో పట్టుకో. అడిగేది 'ఇత్సు' (ఎప్పుడు) అయితే సంభాషణలో నీకు టైమ్ తప్ప ఇంకేదీ వద్దు. మొదట వినపడిన జవాబు చాలాసార్లు అసలు జవాబు కాదు. పది గంటలకు కలుద్దాం అంటారు, ఇంకొకరు 'జూజి వ చ్యొత్తొ...' (పది గంటలంటే కొంచెం...) అని సాగదీస్తారు. అక్కడితో పది గంటలు కొట్టెయ్. వాళ్ల 'చ్యొత్తొ' మన 'చూద్దాంలే' లాంటిది, రారని అర్థం. 'దెమొ' (కానీ), 'యప్పరి' (ఆలోచిస్తే) వినపడితే పెన్సిల్ సిద్ధం చేసుకో, అసలు మాట అక్కడి నుంచి మొదలు.

చివరి రకంలో పేపర్ మీద ఏమీ ఉండదు. ఒక మాట అంటారు, మూడు జవాబులు వినిపిస్తారు. ఆలోచిస్తే ఆలస్యం. వినగానే నోటికొచ్చే జవాబు కావాలి. దీనికి జెఎల్‌పిటి అధికారిక సైట్లో నమూనా ప్రశ్నలు, ఆడియో ఫ్రీగా ఉన్నాయి. అవి అయిపోగొట్టకుండా యూట్యూబ్ వెంట పడకు.

గడియారం సెంటర్, నల్గొండ

కాంజీ, అంటే చైనా నుంచి జపనీస్‌లోకి వచ్చిన అక్షరాలు, వాటి సంగతి ఎవరూ ఎత్తలేదు, ఎందుకో భయపడి వదిలేసినట్టున్నారు. రోజువారీ వాడకానికి ప్రభుత్వం ఖాయం చేసిన పట్టికలో 2,136 ఉన్నాయి. ఎన్‌4కు అందులో చిన్న భాగం చాలు.

ఒక్కో కాంజీకి రెండు మూడు ఉచ్చారణలు ఎందుకని తల పట్టుకుంటారు కదా. తెలుగువాళ్లకు ఇది కొత్తేం కాదు. ఒంటరిగా అయితే నీళ్లు, సమాసంలోకి వెళ్తే జలం. 'నీళ్లాశయం' అంటామా, జలాశయం అంటాం. వాళ్లకూ నీళ్ల కాంజీ ఒంటరిగా 'మిజు', వేరే కాంజీతో కలిస్తే 'సుఇ'. 'సుఇదో' అంటే కుళాయి నీటి సరఫరా, 'సుఇయోబి' బుధవారం. మనకు సంస్కృతం నుంచి వచ్చినట్టు వాళ్లకు చైనా నుంచి వచ్చిన ఉచ్చారణ అది. అందుకే కాంజీ పక్కన ఉచ్చారణల జాబితా బట్టీ పట్టొద్దు. మాటల్లో నేర్చుకో. 'మిజు' ఒక కార్డు, 'సుఇదో' ఇంకో కార్డు.

జెఎల్‌పిటిలో చేత్తో కాంజీ రాయించరు, గుర్తుపడితే చాలు. అయినా ఒకేలా కనిపించేవాటిని మాత్రం నోటుబుక్కులో రాయి. 'మత్సు' వేచి ఉండటం, 'మొత్సు' పట్టుకోవడం, రెండింటికీ కుడి భాగం ఒక్కటే. ఎడమ పక్కన చెయ్యి గుర్తు ఉంటే పట్టుకోవడం. ఇది ఎన్‌4లో తెగ తిప్పుతారు. కొన్నయితే బొమ్మలే. చెట్టు ఒకటి గీస్తే చెట్టు, మూడు గీస్తే అడవి, మనిషి పక్కన చెట్టు ఉంటే విశ్రాంతి.

పుస్తకం అడుగుతారేమో, 'మిన్న నొ నిహొంగొ' మొదటి భాగంలో 25 పాఠాలు, రెండో భాగంలో 25. రెండోది పూర్తయితే ఎన్‌4 గ్రామర్ దాదాపు అయినట్టే. డబ్బు పెట్టకూడదనుకుంటే జపాన్ ఫౌండేషన్ వారి 'ఇరొదొరి' ఉంది, పుస్తకం, ఆడియో రెండూ ఫ్రీ.

వనపర్తి పల్లీలు

అక్కా, మా ఊళ్లో ఒకాయన ఎన్‌4 అక్కర్లేదు, వేరే చిన్న పరీక్ష ఉంది, మూడు లక్షలు కడితే పంపిస్తా అంటున్నాడు. నిజమేనా?

నర్సక్క, మిర్యాలగూడ (ప్రస్తుతం జపాన్)

పరీక్ష నిజం, మూడు లక్షల సంగతి ఆలోచించు. దాని పేరు జెఎఫ్‌టి-బేసిక్. కంప్యూటర్ మీద గంట పరీక్ష, 250కి 200 రావాలి. జెఎల్‌పిటి లాగా జులై, డిసెంబర్ అని కాకుండా ఏడాదిలో ఎక్కువసార్లు ఉంటుంది. 2019లో జపాన్ నైపుణ్యం ఉన్న పనివాళ్ల కోసం తెచ్చిన స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాకు చాలా పనుల్లో ఇది గానీ ఎన్‌4 గానీ సరిపోతుంది. 2021 జనవరిలో మన దేశంతో దీనిమీద ఒప్పందం కుదిరింది. దానికి తోడు పనికి సంబంధించిన నైపుణ్య పరీక్ష ఉంటుంది. నా లైన్‌లోకి రావాలంటే సేవకు సంబంధించిన భాషా పరీక్ష కూడా అదనం. చిన్న పరీక్ష అన్నాడంటే ఆయన అది రాసినట్టు లేదు.

పాలమూరు వాళ్లకు వలస గురించి నేను చెప్పాలా? డబ్బు కట్టే ముందు విదేశీ ఉద్యోగాలు చూసే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నోటిఫికేషన్లు చూడు. నర్సులకు, కేర్ పనికి జపాన్ శిక్షణ గురించి వాళ్లు పిలుస్తుంటారు. కంపెనీ పేరు, కాంట్రాక్టు కాగితం చూపించని ఎవరికీ రూపాయి ఇవ్వకు.

పిల్లలమర్రి, మహబూబ్‌నగర్

మస్తు విషయాలు దొరికాయి. కార్డుల వెనక ఇంగ్లీషు తీసేసి తెలుగు ఎక్కిస్తున్నాను, కొత్తవి ఎనిమిదికి దించాను. కంపెనీ బస్సులో పది సెకన్ల ముక్కలు. సాగర్ కట్ట సార్, మీరు రోజుకొక తెలుగు వాక్యం ఇస్తే మేము జపనీస్‌లో పెడతాం. దిద్దే పని మీ అందరిదీ.

సాగర్ కట్ట, నాగార్జునసాగర్

సరే, ఇవాళ్టిది. 'నిన్న కొన్న పుస్తకం బస్సులో మర్చిపోయి వచ్చాను.' మాటకు మాట పెట్టండి, భయపడకండి.

వనపర్తి పల్లీలు

కినో కత్త హొన్ ఒ బసు దె వసురెతె కిమషిత.

గడియారం సెంటర్, నల్గొండ

శభాష్. 'మర్చిపోయి వచ్చాను' సరిగ్గా 'వసురెతె కిమషిత' అయింది చూడు. ఒక్కటి మార్చాలి, 'బసు దె' కాదు, 'బసు ని'.

వనపర్తి పల్లీలు

ఎందుకన్నా? మర్చిపోవడం అనే పని బస్సులోనే జరిగింది కదా. పని జరిగితే 'దె' అని కల్వకుర్తి అన్న చెప్పిండు.

ఎన్‌2 అంచున, కల్వకుర్తి

పుస్తకం ఇప్పుడు ఎక్కడుంది? బస్సులో ఉంది. మర్చిపోవడం అంటే ఇక్కడ వస్తువు అక్కడ మిగిలిపోవడం, అందుకే 'ని'. పెట్టడం, 'ఒకు' కూడా అంతే, 'త్సుకుఎ ని ఒకు', బల్ల మీద పెట్టడం. క్రియతో జతగా రాసుకోమన్నది ఇందుకే. 'ని వసురెరు' అని కార్డు చేసుకో.

సాగర్ కట్ట, నాగార్జునసాగర్

నేను కూడా రాసుకున్నాను. రేపటి వాక్యం ఇప్పుడే ఇస్తున్నాను, నైట్ షిఫ్టు వాళ్ల కోసం. 'మా మామ నాకు తన పాత సైకిల్ ఇచ్చాడు.' అగెరునా, కురెరునా, చూసుకుని పెట్టండి.